ఊరికే కూర్చోవడం ఎలాగో నేర్చుకున్నాం

ఈ వ్యాసం వ్రాయమని సంపాదకులు అడిగి మూడు నెలలు దాటింది. "మీ పాసిర్ రిస్‌లో ఆదివారం ప్రొద్దుట ఎవరో కొందరు తెలుగువాళ్ళు సముద్రం ఒడ్డున కళ్ళు మూసుకుని కూర్చుంటున్నారట, అదేమిటో మనవాళ్ళకి కాస్త వివరంగా చెప్పండి" అన్నారు. ఆ కొందరిలో ఇద్దరం మేమే, భార్యాభర్తలం. వ్రాయడానికి జంకింది ధ్యానం గురించి కాదు. దాని వెనక మా ఇంటి సంగతి ఒకటి ఉంది. అది దాచి వ్రాస్తే గోడమీది కాలెండరులో అచ్చువేసిన సూక్తిలా ఉంటుంది. చెబితే ఇంటి గుట్టు నలుగురిలో పెట్టినట్టవుతుంది. చివరికి మా అమ్మాయినే అడిగాం. "నా పేరు వద్దు, నా యూనివర్సిటీ పేరు వద్దు, నా మార్కులు అసలే వద్దు. మిగతాది వ్రాసుకోండి" అంది. ఆ షరతుల మీదనే వ్రాస్తున్నాం.

పాసిర్ రిస్ సంగతి తెలియనివారు మనలో తక్కువే. తూర్పు పడమర రైలు దారిలో మొట్టమొదటి స్టేషను, 1989లో తెరిచారు. సముద్రం పక్కనే ఉంటుంది. మడ అడవిలో చెక్క వంతెన మీద నడవవచ్చు. తెల్లవారకుండానే కోళ్ళు కూస్తాయి. (ఆ కోళ్ళ మీద ఫిర్యాదులు చేసేవాళ్ళూ ఉన్నారు. మేము ఆ పక్షం కాదు. కోడి కూత వింటూ పెరిగినవాళ్ళం.) చిక్కల్లా ఏమిటంటే, పెద్ద యూనివర్సిటీలు ద్వీపానికి అవతలి వైపు ఉన్నాయి. నాన్యాంగ్‌లో చదివే పిల్ల పయనీర్‌లోనో బూన్ లేలోనో రైలు దిగి మళ్ళీ బస్సెక్కాలి. కెంట్ రిడ్జ్‌లోని నేషనల్ యూనివర్సిటీకి వెళ్ళేవాడికీ మధ్యలో మారక తప్పదు. అప్పర్ చాంగిలో టెక్నాలజీ అండ్ డిజైన్ యూనివర్సిటీ మనకు దగ్గరే గాని, అందరి చదువూ అక్కడ కుదరదు. అంచేత మన పాసిర్ రిస్ పిల్లలు చాలామందికి రోజూ రెండు మూడు గంటలు ప్రయాణంలోనే పోతాయి. ఈ రైలు సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

అప్పుడు మా అమ్మాయిది రెండో సంవత్సరం మొదటి సెమిస్టరు. ఇక్కడ సెమిస్టరు ఆగస్టులో మొదలై నవంబరు చివర, డిసెంబరు మొదట పరీక్షలతో ముగుస్తుందని ఆ వయసు పిల్లలున్న ఇళ్ళకి చెప్పనక్కర్లేదు. సెప్టెంబరు చివర వారం రోజులు సెలవిచ్చారు. ఆ వారంలోనే మాకు అనుమానం రావలసింది. రాత్రి మూడు గంటలకు వంటింట్లో ఫ్రిజ్ తలుపు చప్పుడు వినబడేది. తిండికోసం అనుకున్నాం. తెరిచి, ఆ వెలుతురులో కాసేపు నిలబడి, మళ్ళీ మూసేసేదని తర్వాత చెప్పింది. సెలవుల తర్వాత క్లాసుకని బయలుదేరి, పడమటి కొస దాకా వెళ్ళి, ప్లాట్‌ఫారం మారి, ఎదుటి రైలెక్కి ఇంటికి వచ్చేసిన రోజులు కూడా ఉన్నాయట. సాయంత్రం "క్లాసు ఎలా జరిగింది?" అంటే "బాగానే" అనేది. మేము ఆ జవాబుతో సరిపెట్టుకున్నాం.

కొంత తెలిశాక మేమేం చేశాం? సగటు తెలుగు తల్లిదండ్రులు చేసే పనే చేశాం. సలహా ఇచ్చాం. "రోజూ ఇరవై నిమిషాలు ధ్యానం చెయ్యి. ఏకాగ్రత కుదురుతుంది, జ్ఞాపకశక్తి పెరుగుతుంది, మార్కులు వాటంతట అవే వస్తాయి" అని చెప్పాం. ఫోనులో ధ్యానం నేర్పే యాప్‌కి సంవత్సరం చందా కట్టాం. రెండు రోజుల్లో ఒత్తిడి మాయం చేస్తామన్న ఒక శిబిరానికి డబ్బు పోశాం (పేరు ఎందుకు లెండి, శిబిరం బానర్లు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి). భోజనాల దగ్గర "ఈరోజు చేశావా?" అని అడగడం మొదలుపెట్టాం. ఒకటో తరగతి నుంచి "హోంవర్కు చేశావా?" అని ఏ గొంతుతో అడిగామో అదే గొంతు. చేశానని చెప్పేది. యాప్‌లో వరసగా ముప్ఫై ఎనిమిది రోజులు పచ్చ టిక్కులు పడ్డాయి. ఆ ముప్ఫై ఎనిమిది రోజులూ ఫోను దిండు పక్కన పెట్టి, అందులోని గొంతు దాని మానాన అది మాట్లాడుతుంటే, ఇది పైకప్పు చూస్తూ పడుకునేదట. చాలా రోజుల తర్వాత ఒక మాట అంది: "చదువులోనే కాదు, ఊపిరి పీల్చుకోవడంలో కూడా ఫెయిలయ్యానని అనిపించేది." ఆ మాట మేమిద్దరం ఒకరితో ఒకరం కూడా మళ్ళీ అనుకోలేదు. ఇక్కడ వ్రాయడం ఇదే మొదలు.

ఇది మా ఒక్క ఇంటి గోల అయితే పత్రికకు ఎక్కించేవాళ్ళం కాదు. ఇక్కడి మానసిక ఆరోగ్య సంస్థ, అదే హౌగాంగ్ దగ్గర పెద్దాసుపత్రి, 15 నుంచి 35 ఏళ్ళ వయసు వాళ్ళను దేశమంతటా పరిశీలించి 2024లో లెక్కలు ప్రకటించింది. దిగులో, ఆందోళనో, ఒత్తిడో తీవ్రంగా లేక అతి తీవ్రంగా ఉన్నట్టు చెప్పినవాళ్ళు నూటికి 30.6 మంది. మూడింటిలోనూ ఆందోళనదే పైచేయి. మన ఉగాది కార్యక్రమంలో వరసగా కూర్చున్న కుర్రకారును చూస్తూ ప్రతి మూడో తలకాయనూ లెక్కపెట్టుకుంటే ఆ అంకె బరువు తెలుస్తుంది. లెక్కలో ఉన్నది అందరు యువజనులు గాని మన పిల్లలు మాత్రమే కాదు, ఒప్పుకుంటాం. కాని మన పిల్లలు దీనికి మినహాయింపు అని చెప్పే ధైర్యం మాకు ఇప్పుడు లేదు.

ప్రభుత్వానికీ ఈ సంగతి తెలియకపోలేదు. నేషనల్ యూనివర్సిటీ 2014లోనే, మొదటి సెమిస్టరు గ్రేడులు విద్యార్థి కోరుకుంటే సరాసరి లెక్కలోకి రాకుండా ఏర్పాటు చేసింది. బడుల్లో అర్ధసంవత్సర పరీక్షలు 2023 నాటికి పూర్తిగా ఎత్తేశారు. అయినా హొక్కియన్ భాషలో ఒక మాట ఉంది కదా, కియాసు. ఓడిపోతామన్న భయం. పరీక్షలు తగ్గించినంత సులువుగా దాన్ని తగ్గించలేరు. పైగా మనం ఇక్కడికి దిగేటప్పుడు మన సామానులో అది ముందే ఉంది. ఎమ్‌సెట్ ర్యాంకులు, ఇంటర్ రిజల్టులు, పక్కింటి వాళ్ళబ్బాయికి వచ్చిన సీటు, ఇవన్నీ చాంగి విమానాశ్రయంలో డిక్లేర్ చేయకుండా తెచ్చుకున్న సరుకులే. పాసు రెన్యూ అవుతుందో లేదో, పి.ఆర్. వస్తుందో రాదో అని మనం పడ్డ భయాన్ని పిల్లలకు మాటల్లో చెప్పలేదు. కాని వాళ్ళకి తెలిసిపోయింది.

భయమనేది అంత చెడ్డదీ కాదు. పరీక్ష ముందు కాస్త గుండె దడ ఉంటేనే చదువు సాగుతుంది. 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల మీద ప్రయోగాలు చేసి, కష్టమైన పని నేర్చుకునేటప్పుడు ప్రేరేపణ మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా పని చెడుతుందని చూపించారు. మూత్రపిండాల నెత్తిన టోపీల్లా కూర్చున్న రెండు చిన్న గ్రంథులు ఎడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాలు వదులుతాయి. కుక్క తరిమితే పరుగెత్తడానికి అవి కావలసిందే. కుక్క వెళ్ళిపోయాక అవి తగ్గాలి. పిల్లల విషయంలో కుక్క వెళ్ళదు. మధ్యపరీక్ష పోతే ప్రాజెక్టు, ప్రాజెక్టు పోతే ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ, నడుమన తరగతిలో అందరి మార్కులనూ ఒకరితో ఒకరికి పోటీపెట్టే బెల్ కర్వ్. నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే జ్ఞాపకం చెడుతుంది. జ్ఞాపకం చెడితే భయం రెట్టింపు.

ఇక అసలు విషయానికి వద్దాం. ఇప్పుడు ప్రపంచమంతా మైండ్‌ఫుల్‌నెస్ అంటున్నది ఏమిటి? మా వాడుకలో దాన్ని ఎరుక అనుకుంటున్నాం. ఎరుక చెబుతానంటూ గుమ్మంలోకి వచ్చే సోదెమ్మ ఎరుక కాదు, ఇప్పుడు, ఇక్కడ, ఏం జరుగుతోందో తెలిసి ఉండటం. పిల్లలు గడప దాటుతుంటే "జాగ్రత్త" అంటాం చూడండి, ఆ మాటకు మూలమైన సంస్కృత పదానికి మేలుకుని ఉండటమని అర్థం. మనం దాన్ని భయపెట్టే మాటగా మార్చుకున్నాం గాని, మొదట అది మెలకువే.

1979లో అమెరికాలో మసాచుసెట్స్ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ అనే ఆయన ఎనిమిది వారాల పాఠక్రమం ఒకటి మొదలుపెట్టారు. ఆయన అణుజీవశాస్త్రంలో డాక్టరేటు పొందినవారు, సన్యాసి కాదు. మందులతో తగ్గని నొప్పులతో బాధపడే రోగులకు ఊపిరిని గమనించడం, పడుకుని ఒళ్ళంతా కాలివేళ్ళ నుంచి తల దాకా మనసుతో తడిమి చూడటం, నెమ్మదిగా చేసే యోగాసనాలు నేర్పారు. మతం పేరెత్తలేదు. ఇప్పుడు యూనివర్సిటీల్లో, ఆఫీసుల్లో చెబుతున్న పాఠాల్లో చాలావాటికి తల్లివేరు ఆ ఎనిమిది వారాలే. అయితే ఆ తల్లివేరుకు కూడా ఇంకా లోతైన వేరుంది. పాళీ భాషలో సతి, సంస్కృతంలో స్మృతి. బౌద్ధ గ్రంథాలను ఇంగ్లీషు చేసిన రీస్ డేవిడ్స్ 1881లో ఆ సతికి వాడిన మాటే మైండ్‌ఫుల్‌నెస్.

బౌద్ధమంటే మనకు పరాయిది కాదు గదా. ఇక్ష్వాకుల కాలంలో నాగార్జునకొండలో సింహళం నుంచి వచ్చిన భిక్షువులకు ప్రత్యేకంగా విహారమే ఉండేదని అక్కడి శాసనాలు చెబుతున్నాయి. కృష్ణ ఒడ్డున కూర్చుని ఊపిరి గమనించినవాళ్ళు మన ఊళ్ళలో పదిహేడు వందల ఏళ్ళ క్రితమే ఉన్నారు. ఈ కాలంలోకి వస్తే, సత్యనారాయణ గోయెంకా గారి కథ మనలాంటి ప్రవాసులకు మరీ దగ్గర. మాండలేలో స్థిరపడిన మార్వాడీ కుటుంబంలో 1924లో పుట్టారు. వ్యాపారం పెరిగింది, దానితోపాటు భరించలేని తలనొప్పి పట్టుకుంది. ఆ తలనొప్పి కోసమే రంగూనులో ఊ బా ఖిన్ అనే ప్రభుత్వోద్యోగి దగ్గర విపశ్యన నేర్చుకున్నారు. 1969లో ఇండియా వచ్చి నేర్పడం మొదలుపెట్టారు. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్ళే రోడ్డు మీద ఆ పద్ధతి నేర్పే కేంద్రం 1976లో వెలిసింది. పది రోజులు మౌనంగా ఉండాలి. మా బంధువుల్లో ఒకాయన వెళ్ళివచ్చి, "మొదటి మూడు రోజులూ గేటు ఎటువైపు ఉందా అని ఆలోచించాను" అని చెప్పారు.

ఇదంతా చదివితే ఏమనిపిస్తుంది? మన సొత్తే కదా, మన పిల్లలకు ఇట్టే వచ్చేస్తుందని అనిపిస్తుంది. మేమూ అలాగే అనుకుని బోల్తా పడ్డాం.

శాస్త్రజ్ఞులు ఏమంటున్నారో కాస్త చూద్దాం. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో 616 మంది విద్యార్థులను చీట్లు తీసినట్టుగా రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలుగా అందరికీ ఉండే కౌన్సెలింగ్ వగైరా సదుపాయాలతో పాటు ఎనిమిది వారాల ఎరుక పాఠాలు చెప్పారు. రెండో జట్టుకు మామూలు సదుపాయాలు మాత్రమే. పరీక్షల రోజుల్లో ఇద్దరినీ కొలిచి చూశారు. వైద్యుడు పట్టించుకోవలసినంత వేదన రెండో జట్టులో నూటికి 57 మందికి ఉంటే, పాఠాలు విన్న జట్టులో 37 మందికి ఉంది. ఈ ఫలితాలు లాన్సెట్ వారి పత్రికలో 2017 చివర వెలువడ్డాయి. తేడా చిన్నది కాదు. అయితే ఆ 37 మందిని కూడా చూడండి. పాఠాలు విన్నా వాళ్ళ బాధ పోలేదు.

దీనికి ఎదురుగా ఇంకో లెక్క ఉంది. బ్రిటన్‌లో 11 నుంచి 14 ఏళ్ళ పిల్లలు ఎనిమిది వేల మందికి పైగా చేరిన పెద్ద పరిశోధన ఒకటి జరిగి 2022లో ఫలితాలు వచ్చాయి. బడిలో టీచర్లే ఈ పాఠాలు చెప్పారు. మామూలుగా బడుల్లో చెప్పే నడవడిక పాఠాలకంటే దీనివల్ల అదనపు మేలేమీ కనపడలేదు. పిల్లల్లో చాలామంది ఇంటి దగ్గర అభ్యాసమే చేయలేదు. ముందునుంచే మనసు బాగోని కొందరికి కొంచెం ఎదురు తిరిగిన సూచనలు కూడా ఉన్నాయి. పరిశోధకులు కారణాలు రకరకాలుగా చర్చించుకుంటున్నారు. మేము శాస్త్రజ్ఞులం కాదు గాని మా ఇంటి అనుభవం మీద మాకొక అభిప్రాయం ఉంది. కేంబ్రిడ్జిలో చేరినవాళ్ళు పెద్దవాళ్ళు, తమంతట తాము వచ్చి పేరిచ్చినవాళ్ళు. ఆ బడి పిల్లలకు అది పీరియడ్ల పట్టికలో ఇంకో పీరియడు. మా అమ్మాయికి మేము చేసిందీ అదే.

దాన్ని నిజంగా ఒడ్డుకు చేర్చింది మేము కాదు, వాళ్ళ క్లాసులో ఒక మలయ్ అమ్మాయి. మూడు రోజులు కనపడకపోయేసరికి ఫోను చేసి, వెంటబెట్టుకుని యూనివర్సిటీ కౌన్సెలింగ్ వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ కూర్చున్నావిడ మొదటి రెండు సార్లు ధ్యానమన్న మాటే ఎత్తలేదట. ఎన్ని గంటలకు పడుకుంటున్నావు, ఏం తింటున్నావు, చనిపోవాలన్న ఆలోచన వచ్చిందా అని సూటిగా అడిగింది. ఆ చివరి ప్రశ్న అడగడానికి మాకు నోరు రాలేదు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మన భయం. అలా జరగదని, అడిగితే పిల్లలకు ఊరటే కలుగుతుందని డాక్టర్లు చెబుతారు. తర్వాత ఒక డాక్టరును కూడా చూసింది. ఆ సెమిస్టరులో రెండు సబ్జెక్టులు వదులుకుంది. అది విన్న రోజు మా ఇంట్లో ఎవరో పోయినట్టు కూర్చున్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నిద్ర కాస్త దారిలో పడ్డాక, జనవరిలో, కాంపస్‌లో పెట్టిన ఎనిమిది వారాల తరగతిలో తనే చేరింది. మాకు చెప్పలేదు. నాలుగో వారంలో ఒక రోజు భోజనాల దగ్గర "మీరిద్దరూ నన్ను ధ్యానం చెయ్యమన్నారు గాని మీరెప్పుడైనా పది నిమిషాలు ఊరికే కూర్చున్నారా?" అంది. కూర్చోలేదు. పూజ చేస్తాం. పూజలో కూడా గడియారం చూస్తాం.

అలా మొదలైంది ఈ ఆదివారం కూర్చోవడం. మొదటి వారం మేమిద్దరమే, ఏడు గంటలకు పార్కులో, ఎదురుగా పులావ్ ఉబిన్ కనపడే చోట. మా అమ్మాయి చెప్పిన పద్ధతి ఇదీ. వెన్ను నిటారుగా, కాని బిర్రబిగుసుకోకుండా కూర్చోవాలి. నేల మీద కూర్చోలేనివాళ్ళు బెంచీ మీద కూర్చోవచ్చు. పుణ్యమేమీ తగ్గదు. ఊపిరిని మార్చకూడదు, అదెలా వస్తోందో అలా చూడాలి. ముక్కు దగ్గరో, పొట్ట దగ్గరో ఒక చోటు ఎంచుకుని అక్కడే ఉండాలి. మనసు పారిపోతుంది. పారిపోయిందని తెలిసిన క్షణమే ఇందులో ముఖ్యమైనది. తిట్టుకోకుండా వెనక్కి తీసుకురావాలి. మళ్ళీ పారిపోతుంది, మళ్ళీ తేవాలి. మనసు ఖాళీ చేయడమనే పని ఇందులో లేదు. మేము ఇన్నాళ్ళూ ధ్యానమంటే ఆలోచనలు రాకుండా ఉండటమని అనుకుని, పిల్లకీ అదే నూరిపోశాం. అది ఎవరివల్లా కాదు, అందుకే అది ఫెయిలయ్యాననుకుంది.

అలారం పది నిమిషాలకు పెట్టాం. ఊళ్ళో అమ్మ మోకాలి ఆపరేషను, సోమవారం మీటింగు, ఫ్లాటు లోను, రెండు ఊపిరులు, పక్కన కోళ్ళు, చాంగిలో దిగబోతున్న విమానం, అందులో ఎవరొస్తున్నారో, మళ్ళీ ఒక ఊపిరి, దోమ. గంట గడిచిందనుకుని కళ్ళు తెరిస్తే నాలుగు నిమిషాలయింది. మాలో ఒకరు (ఎవరో చెప్పం) గురక పెట్టారు.

మూడో వారానికి మా బ్లాకులోనే ఉన్న ఇంకో రెండు తెలుగు కుటుంబాలు చేరాయి. కబాట్-జిన్ గారి పాఠంలో మొదటిరోజు ఒక ఎండుద్రాక్ష ఇచ్చి, దాన్ని చూసి, తాకి, వాసన చూసి, నోట్లో పెట్టుకుని నెమ్మదిగా తినమంటారు. మా వాళ్ళు ఎండుద్రాక్షలు మరిచిపోయి వచ్చారు. టిఫిను డబ్బాలో పెరుగన్నంతో పాటు మాగాయ ఉంది. తలా ఒక ముక్క తీసుకుని, కళ్ళు మూసుకుని, మాట్లాడకుండా రెండు నిమిషాలు తిన్నాం. ఉప్పు ముందు తెలిసింది, ఆ తర్వాత పులుపు, కారం ఆలస్యంగా వెనకనుంచి వచ్చింది, మెంతి చేదు అన్నిటికంటె చివర. ఇన్నేళ్ళుగా టీవీ చూస్తూ తిన్న మాగాయలో ఇన్ని సంగతులున్నాయని అందరం ఆశ్చర్యపోయాం. పార్కులో పరుగెత్తే ఒక చైనీయుల పెద్దాయన ఆగి, ఇదేం ప్రార్థన అని అడిగాడు. ఆయనకూ ఒక ముక్క ఇచ్చాం. ఆ రోజు ఆయనకు కలిగిన ఎరుక మామూలుది కాదు, నీళ్ళ సీసా ఖాళీ చేశాడు.

ఇక రైలు సంగతి. చదువుకునే పిల్లలకు ఇరవై నిమిషాలు ఎక్కడ దొరుకుతాయని అందరూ అడుగుతారు. మా అమ్మాయి కనిపెట్టుకున్న ఉపాయం ఇది. పాసిర్ రిస్ నుంచి వెళ్ళే రైలు కాలాంగ్ దాకా పైన వెళ్ళి, లావెండర్ ముందు భూమిలోకి దిగుతుంది. లావెండర్, బుగిస్, సిటీ హాల్, రాఫెల్స్ ప్లేస్, తాంజోంగ్ పగార్, ఔట్రమ్ పార్క్, తియోంగ్ బారు, ఈ ఏడు స్టేషన్లూ భూమి లోపలే. రెడ్‌హిల్ దగ్గర మళ్ళీ వెలుగులోకి వస్తుంది. భూమిలోకి దిగినప్పుడు ఫోను సంచిలో పెట్టేస్తుంది. కళ్ళు మూసుకోనక్కర్లేదు. సీటు దొరక్కపోతే నిలబడే, అరికాళ్ళ కింద రైలు అదురును, పొట్ట దగ్గర ఊపిరిని గమనిస్తుంది. వెలుగు రాగానే మానేస్తుంది. మనసు కుదిరిందా లేదా అని లెక్క వ్రాసుకోదు. యాప్ తీసేసింది. (చందా ఇంకా నాలుగు నెలలుంది. దాన్ని గురించి మేము ఎరుకతో మౌనం వహించాం.)

పరీక్ష హాల్లో దీనివల్ల ఏం లాభమంటే, తను చెప్పిందే వ్రాస్తున్నాం. ప్రశ్నపత్రం చూడగానే కడుపులో చల్లగా జారడం ఇప్పటికీ ఉంది. అంతకుముందు ఆ జారుడు వెంట "అయిపోయింది, డిగ్రీ పోయింది, అమ్మానాన్నల పరువు పోయింది" అని ఒక గొలుసు లాక్కుంటూ వచ్చేది. ఇప్పుడు "ఇది కడుపులో జారుడు" అని తెలుస్తుంది. ఒకటి రెండు ఊపిరులు నెమ్మదిగా వదులుతుంది. ఊపిరి నిదానంగా బయటికి వదిలితే గుండె వేగం కాస్త తగ్గడం శరీరధర్మమే, అందులో మహిమ లేదు. తర్వాత తెలిసిన ప్రశ్న మొదలుపెడుతుంది. అంతే. తెలియని ప్రశ్నకు జవాబు ధ్యానంలో రాదు, చదివితేనే వస్తుంది. ఈ విద్య పరీక్షకు ముందు రోజు నేర్చుకునేదీ కాదు. నీళ్ళలో పడ్డాక ఈత పుస్తకం తెరిచినట్టుంటుంది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. మన సభల్లో "డాక్టర్లెందుకండీ, ధ్యానం చేయిస్తే సరి" అనే పెద్దలున్నారు. అమెరికాలో 276 మంది ఆందోళన రోగుల మీద జరిపి 2022లో ప్రకటించిన ఒక పరిశోధనలో ఎనిమిది వారాల అభ్యాసం ఎసిటాలోప్రామ్ అనే మాత్రతో సమానంగా పనిచేసిన మాట నిజమే. దాన్ని పట్టుకుని మాత్రలు ఆపేయమని ఎవరికీ చెప్పకండి. అది శిక్షణ పొందినవాళ్ళు వారం వారం నడిపిన తరగతి, వాట్సాప్‌లో వచ్చిన వీడియో కాదు. తీవ్రమైన దిగులులో ఉన్నవాళ్ళు, పాత భయంకర అనుభవం ఏదైనా ఉన్నవాళ్ళు కళ్ళు మూసుకుని ఒంటరిగా కూర్చుంటే ఒక్కొక్కప్పుడు ఎక్కువవుతుంది కూడా. నిద్ర, తిండి, చదువు మూడూ చెడి రెండు వారాలు దాటితే ముందు వైద్యుడు, తర్వాత మాగాయ.

వైద్యుడి దగ్గరికి వెళితే రికార్డు పడుతుంది, రేపు ఉద్యోగం రాదు, పెళ్ళి కాదు అన్నది రెండో గొడవ. పెళ్ళి సంగతి మన చేతుల్లోనే ఉంది, మనం మానుకుంటే అదీ మానుకుంటుంది. ఉద్యోగం మాటకొస్తే, దరఖాస్తు ఫారాల్లో మానసిక ఆరోగ్యం గురించి అడగవద్దని 2020లోనే యజమానులకు ఇక్కడ మార్గదర్శకాలు వచ్చాయి. 2025 జనవరిలో పార్లమెంటు ఆమోదించిన ఉద్యోగ న్యాయ చట్టంలో మానసిక అస్వస్థత కారణంగా వివక్ష చూపకూడదన్న నిబంధన చేరింది. ఆత్మహత్యా ప్రయత్నం 2020 జనవరి నుంచి ఇక్కడ నేరం కాదు. సహాయం అడిగితే పోలీసులు వస్తారన్న భయంతో ఎవరూ నోరు మూసుకోనక్కర్లేదు. కుర్రవాళ్ళ కోసం మానసిక ఆరోగ్య సంస్థ 2009లో మొదలుపెట్టిన చాట్ అనే విభాగం ఉంది, రహస్యంగా, ఉచితంగా చూస్తారు. 2025 జూన్ నుంచి 1771 నంబరుకు రాత్రీ పగలూ ఫోను చేయవచ్చు. 1969 నుంచి నడుస్తున్న సమరిటన్ల నంబరు 1767. ఈ రెండు నంబర్లూ మా ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉన్నాయి. రాత్రి మూడు గంటలకు ఎవరైనా ఆ తలుపు తెరిస్తే కనపడాలని.

మా ఇంట్లో మారినది ఏమిటని అడిగితే గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. భోజనాల దగ్గర మార్కులు అడగడం మానేశాం. అంటే, మానడం నేర్చుకుంటున్నాం. ప్రశ్న నాలుక చివరి దాకా వచ్చినప్పుడు ఒక ఊపిరి చూసుకుంటాం. ఒక్కొక్కసారి ఊపిరి గెలుస్తుంది, ఒక్కొక్కసారి ప్రశ్న గెలుస్తుంది. ప్రశ్న గెలిచిన రోజు మా అమ్మాయి "నాన్నా, లావెండర్ వచ్చింది" అంటుంది. అదిప్పుడు మా ఇంట్లో సంకేతం.

మొన్న సెమిస్టరు ఆఖరి పరీక్ష రోజు మేమిద్దరం ఆఫీసుల్లో ఉన్నాం. తొమ్మిదింటికి ఫోను చేశాం. బాగా చదివావా అని అడగకూడదని ముందే అనుకున్నాం. ఏం తిన్నావని అడిగాం. పెసరట్టు అంది. ఒకటా రెండా అని అడిగాం. అటునుంచి నవ్వు వినపడింది. రైలు చప్పుడు మారుతోంది. "ఇంక కిందికి దిగుతున్నాం, పెట్టేస్తున్నా" అంది.